చెరొక చెవి

పామిడి బస్సు ఇంకా అనంతపురం స్టాండు దాటనే లేదు, తిప్పేస్వామి జేబులోంచి పాటలు వినే వైరు తీసి, చిక్కు విప్పి, షఫీవుల్లా ఫోనుకు తగిలించి, ఒక కొస తన కుడి చెవిలో పెట్టుకొని రెండోది షఫీవుల్లా చేతికిచ్చినాడు. "నీకు ఎడమది, నాకు కుడిది. మొదటి పాట నుంచి కడా పాట దాంకా. మధ్యలో మాట్లాడేది లేదప్పా" అన్నాడు. మాట్లాడేది లేదంట! షఫీవుల్లాకు ప్రాణం లేచొచ్చినట్లూ ఉండె, ప్రాణం పోయినట్లూ ఉండె. చెప్పాల్సిన మాట ఒకటి ఇరవై ఎనిమిదేండ్ల నుంచి గొంతులోనే ఉండాది. దాన్ని చెప్పేదానికి ఈ గంట తప్ప ఇంగ టైము లేదు. పామిడిలో దిగినాక ఈ మనిషి నేరుగా గోరీలకాడికి పోతాడంట, మాబాషా గోరీ ముందర నిలబడతాడంట, పెద్దాయనా నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు, క్షమించేసినాను అని చెప్తాడంట. ఆ మాబాషా ఏ తప్పూ చెయ్యలేదు. పోయిన ఏడాది పోయినాడు. ఆయన షఫీవుల్లా నాయన. తప్పు చేసినోడేమో ఈడ కిటికీ పక్కన కూచోని చెవిలో వైరు పెట్టుకుంటాండాడు.

అదో, మొదలాయ. లావు తంతి. డుమ్, డుమ్, రోంత ఆగి, మల్లా డుమ్. ఆ సద్దు చెవిలో పడినాదో లేదో షఫీవుల్లా మనసు బస్సు దిగేసి శ్రీరంగప్ప రికార్డింగ్ సెంటర్లోకి దూరిపోయె. గడియారం స్తంభం ఎనక సందులో అంగడి, గోడకు అంతా క్యాసెట్లు, జనం చీటీలో పాటలు రాసుకొని వస్తే ఖాళీ క్యాసెట్టుకు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ధర్మవరంలో మగ్గం మీద కూచోలేనని నాయనతో కొట్లాడి వచ్చిన తిప్పేస్వామి ఆడ పని చేస్తాండె. కొత్త సినిమా పాటలు మాబాషా పెండ్లి బ్యాండుకు నేర్చుకునేదానికని షఫీవుల్లా క్లారినెట్టు సంచిలో పెట్టుకొని వారానికి రెండు తూర్లు పోతాండె. ఇద్దరికీ ఇరవై. ఎవడో బెంగుళూరు ఇంజినీరింగు పిల్లోడు కాపీ చెయ్యమని ఇచ్చి మల్లా రానే రాని క్యాసెట్టు అది. అట్ట లేదు, పేరు లేదు. అమెరికా నల్లోళ్లు అని శ్రీరంగప్ప చెప్పినాడు, అంతే తెలుసు. వాళ్లు పాడరు, మాట్లాడతారు. ఎనక డ్రమ్ము, లావు తంతి, యాడో దూరంగా ఒక ట్రంపెట్టు. దాన్ని ర్యాప్ అంటారనీ, ఆ ఎనక వాయించేదాన్ని జాజ్ అంటారనీ ఎవరికి తెలుసు, ఇద్దరూ దాన్ని మాటల క్యాసెట్టు అనేవాళ్లు. "ఈ డ్రమ్ము కొట్టేవాడు నేసేవాడేరా, నా మాట విను" అనేవాడు తిప్పేస్వామి, "మగ్గం తొక్కేటప్పుడు మా నాయన కాలు ఇట్లే రోంత ఆలస్యంగా పడతాది." మగ్గం వద్దని వచ్చినోడు క్యాసెట్టులో మల్లా మగ్గాన్నే విన్నాడు, చూడండి చోద్యం.

వైరు పొట్టిది. ఇద్దరి తలకాయలూ దగ్గరికి పెట్టుకుంటే గానీ అందదు. నలభై ఎనిమిదేండ్ల మొగోళ్లు ఇద్దరు చెంపకు చెంప ఆనించుకొని కూచోనుంటే ముందు సీట్లో ఆడోళ్లు తిరిగి చూసి నవ్వుకునిరి. ఆడోళ్లకు ఫ్రీ చేసినాక బస్సులో నిలబడే తావు కూడా లేదు, ఎవరో సంచి తెచ్చి షఫీవుల్లా మోకాలి మీదనే పెట్టినారు. పెట్టనీ. తిప్పేస్వామి చెంప మీద తెల్ల గడ్డం గుచ్చుకుంటాండాది. మాట ఇద్దరి చెవుల్లోనూ ఉండాది గానీ ట్రంపెట్టు మాత్రం ఎడమ పక్కకు వంగి షఫీవుల్లాకే ఎక్కువ వినపడతాది. తిప్పేస్వామికి వినపడేది ఏమో తెలీదు, పియానో ఏమో. వానికి అప్పుడూ ఇప్పుడూ మాట ముఖ్యం. ఇరవై ఏండ్లప్పుడు విన్నప్పుడు వీళ్లకు కోపముండాది అనుకుంటాండె షఫీవుల్లా, ఆ కోపమే బో ఇష్టంగా ఉండె. ఇప్పుడు వింటే ఆ గొంతుల్లో కోపం పది పాళ్లకు రెండు పాళ్లే. మిగిలిందంతా ఓపిక, అలుపు, రోంత ఎగతాళి. ఆ పిల్లోళ్లకు అంత ఓపిక యాడిది? లేకుంటే అప్పుడే ఉండెనా, మనకే చెవి లేదా? క్యాసెట్టు మారలేదు, అందులో వాళ్లు ఇంకా ఇరవై ఏండ్లోళ్లే. ముసిలితనం వచ్చింది మనకే, అందుకే ఇంగా కొంచెం కొంచెం తెలుస్తాండాది.

ఆ చెవి నాయనకు మొదటి రోజే ఉండె. మాబాషా బ్యాండు సెట్టు అంటే అనంతపురం నుంచి గుత్తి దాంకా తెలీని పెండ్లి లేదు. ఎర్ర కోటు, భుజం మీద జరీ కుచ్చులు, ఎండలో మైళ్లు మైళ్లు నడిచే ఊరేగింపులు. ఒక మధ్యాహ్నం చింతపండు పెట్టి ఇత్తడి తోముతాండాడు, వీళ్లు లోపల టేపు పెట్టినారు. రోంత సేపటికి తోమే సద్దు ఆగె. తలుపుకాడ చేతులనిండా పులుసు కార్చుకుంటా నిలబడి వింటాండాడు నాయన. "ఈ ట్రంపెట్టోడు ఊపిరి మిగిలించుకుంటాండాడురా" అన్నాడు. "ఉండేదంతా ఊదెయ్యడు. ఆ మాట్లాడేవానికి చోటిడ్సి పక్కకు నిలబడతాండాడు. మల్లా ఎయ్యి." మల్లా ఏసినారు. మల్లా అన్నాడు. ఇంగిలీషు అక్షరం ముక్క రాదు, వాళ్ల దేశం పటంలో యాడుండాదో చూపించమంటే చూపించలేడు, ముప్పై ఏండ్లు పెండ్లిళ్లలో గాలి ఊది ఊది పెదవులు కాయ కాచిన మనిషి, ఒక్క తూరికే పట్టేసినాడు. షఫీవుల్లాకు గర్వంగానే ఉండె ఆ పొద్దు. ఆ పొద్దు మాత్రం.

మూడో పాట. ఇప్పుడొస్తాది ఆ తావు, రెండో చరణంలో టేపు నమిలినచోట గొంతు ఒక్క క్షణం ఊగి, మునిగి, మల్లా లేస్తాది. షఫీవుల్లా ఒళ్లు దానికోసం ఎదురు చూసె. రాలేదు. ఫోన్లో పాట నున్నగా పోయె, ఏమీ జరగనట్లు. తిప్పేస్వామి కూడా తల తిప్పి చూసినాడు, వాడూ దానికోసమే కాచుకోనుండాడు పాపం. అది నమిలింది నాయన టేపు రికార్డర్లోనే, ముగ్గురూ మల్లా మల్లా ఏసుకొని విన్నప్పుడు. ఆమీద జరిగింది వానికి తెలీదు. ఒక పొద్దు నాయన మీద కోపంతో తిప్పేస్వామి ఆ క్యాసెట్టు వీళ్ల గడప మీద పెట్టేసి పోతే, నాయన దాన్ని తీసి దాచుకున్నాడు. మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు పెట్టుకొని వినేవాడు. లావు తంతి సద్దు వినపడితే చాలు షఫీవుల్లా చెప్పులేసుకొని బజారుకు పోతాండె. ఎన్ని మధ్యాహ్నాలు అట్ల పోయినాడో! టేపు చెడిపోయేదాంకా విన్నాడు పెద్దాయన, పదేండ్లు పైనే. ఒక్కసారన్నా పక్కన కూచోని వినుంటే నీ సొమ్మేం పోయేదిరా షఫీ?

గార్లదిన్నె దాటినట్లుండాది. రెండు పక్కలా శనక్కాయ చేను పీకి ఎండబెట్టినారు. నాలుగో పాట మొదలాయ, తిప్పేస్వామి మోకాలు ఎగిరె. ఆ పాటంటే వానికి పిచ్చి, ఎందుకంటే అందులో అమెరికావాడు మన మాట మాట్లాడతాడు. ప్రతి చరణానికి ముందర "ఏమప్పా" అంటాడు. నిజంగా! అనంతపురంలో టీ అంగడికాడ పిలిచినట్లే, "ఏమప్పా", రోంత సాగదీసి. అప్పట్లో ఆ మాట కోసమే వెనక్కి తిప్పి తిప్పి వినేవాళ్లు, శ్రీరంగప్ప కూడా ఒప్పుకున్నాడు. వాళ్లూ మనోళ్లే, యాడో బళ్లారి పక్కనుంచి ఓడెక్కి పోయుంటారని తిప్పేస్వామి తేల్చేసినాడు. ఇప్పుడు కండ్లు మూసుకొని, చెవిలో వైరుందన్న సంగతి మర్చిపోయి, బస్సంతా వినపడేటట్లు "ఏమప్పా!" అన్నాడు. కండక్టరమ్మ తిరిగి చూసింది.

"ఏమన్నా, పిలిస్తివా?"

"నిన్ను కాదమ్మా, అమెరికాలో మా అన్న పిలుస్తాండాడు."

జనం నవ్విరి. షఫీవుల్లా కూడా నవ్వినాడు, నవ్వు సగంలోనే ఆగిపోయె. నిన్న సాయంత్రం కూతురు హీనా ఈ పాటలన్నీ ఫోన్లో ఎక్కించి, మాటలు కూడా చదివి చూపించింది. "అది ఏమప్పా కాదు నాయనా. హే, మా పాపా. పాపా అంటే నాయన, వాళ్ల నాయన్ని పిలుస్తాండాడు. ఆయన చచ్చిపోయినాడు, నేను నీకు చెప్పాల్సింది చెప్పలేదు అని పాటంతా చెప్తాండాడు" అని నవ్వింది. దానికి నవ్వులాటగా ఉండె. షఫీవుల్లా ఎనక్కి తిరిగి తన అంగట్లో జెరాక్సు మిషను తుడుస్తా నిలబడిపోయె. ఇన్నేండ్లు ఒక కొడుకు తన నాయన్ని పిలుస్తాంటే, వీళ్లు తమని పిలుస్తాండాడనుకొని ఎగిరినారు. ఇదన్నా చెప్పాలి తిప్పేస్వామికి, ఇది చిన్న మాట కదా. పెద్దది ఎట్లా రాదు. "తిప్పా" అన్నాడు మెల్లగా. వాడు వేలు పెదవుల మీద పెట్టి, ఉండుండు అన్నట్లు తలూపినాడు. హే మా పాపా. ఆ గొంతు మల్లా పిలిచె. 

ఏం పోయేకాలం వచ్చెరా నీకు ఆ పొద్దు. టౌన్లో యువజనోత్సవం, పాటల పోటీ. ఆ క్యాసెట్టులో ఒక పాట కడాకు మాటలు ఆగిపోయి డ్రమ్ము ఊరికే నడుస్తా ఉంటాది, ఆ చోటు మీద తిప్పేస్వామి మన తెలుగులో మాట్లాడాల, షఫీవుల్లా క్లారినెట్టు వాయించాల. రెండు నెలలు రాసినాడు వాడు. ట్యాంకరొచ్చె, బిందెలు పరిగెత్తె, మనుషులు ఎనకబడె అని ఒక మాట, మా వీధిలో మొగుడూ పెండ్లాలు కొట్లాడితే మగ్గం ఆగుతాది, మగ్గం ఆగితే మల్లా కొట్లాడతారు అని ఒక మాట. వింటాంటే నవ్వొచ్చేది, నవ్వినాక ఏదో పట్టుకునేది. పోటీకి ముందు దినం నాయన ముందర వాయించి చూపించినారు. నాయన తిప్పేస్వామి భుజం తట్టి, "నీ మాట బాగుండాదప్పా, దాన్ని ఇడ్సొద్దు" అన్నాడు. ఆమీద కొడుకు తట్టు తిరిగి, "నువ్వు శానా వాయిస్తాండావు. వానికి చోటియ్యి" అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఉండే మాట అన్నాడు. ఆ మాట షఫీవుల్లాకు యాడ తగిలిందో! పుట్టినప్పటి నుంచి ఊదుతాంటే ఒక్క తూరి బాగుండాదని అనలేదు, మగ్గం ఇడ్సిపెట్టి వచ్చినోని భుజం తట్టినాడు. రాత్రంతా అదే మాట నములుకున్నాడు.

మరుసటి దినం గార్లదిన్నెలో పెండ్లి బేరం ఉండె. నాయన ముందే గుత్తి నుంచి జాకబ్ ని పిలిపించి పెట్టినాడు, "క్లారినెట్టుకు జాకబ్ ఉండాడు, నువ్వు పోటీకి పోరా" అని రెండు తూర్లు చెప్పినాడు. షఫీవుల్లా ఎర్రకోటు ఏసుకొని లారీ ఎక్కి కూచున్నాడు. నాయన కింద నిలబడి రోంత సేపు చూసినాడు. పెండ్లిలో షఫీవుల్లా గొంతు చీలేటట్లు ఊదినాడు, ఎవరికీ చోటియ్యలేదు. ఆడ టౌన్లో తిప్పేస్వామి ఒక్కడే టేపు రికార్డరు పెట్టుకొని స్టేజీ మీద నిలబడినాడంట. తోడు వస్తాడని డ్రమ్ము తిరిగిపోతాంటే చూస్తా నిలబడినాడంట, మాట మొదలు పెట్టలేక. జనం ఈలలేసి దింపినారు. సాయంత్రం వాడు ఇంటి ముందరికొచ్చి, "ఎందుకు రాలేదురా?" అనడిగినాడు. కండ్లు ఎర్రగా ఉండె. అప్పుడు ఈ నోరు, ఈ నోరే, తడుముకోకుండా చెప్పె: "నాయన ఇడ్సలేదు. పెండ్లికి రాకపోతే ఇంట్లో అడుగు పెట్టొద్దన్నాడు." నాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటా బయటికొచ్చినాడు. తిప్పేస్వామి ఆయన్ని చూసి, "నిన్న నా భుజం తడితివే మామా, నీకు నీ బ్యాండే ముఖ్యం" అని, క్యాసెట్టు గడప మీద పెట్టి పోయినాడు. ఆ వారంలోనే ధర్మవరం పోయి మల్లా మగ్గంలో కూచున్నాడు. ఇంగ ఒక్క మాట రాయలేదు. మాబాషాను మామా అని పిలిచింది కూడా అదే కడా తూరి.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా స్నేహం కుంటుకుంటా నడిచె. షఫీ మీద వానికి కోపం లేదు, పాపం నాయనకు భయపడినాడులే అని జాలి. ఆ జాలి తిని బతికినాడు షఫీవుల్లా. ధర్మవరంలో పెండ్లి బేరాలకు పోయినప్పుడు వీధిలో తిప్పేస్వామి ఎదురైతే నాయనే ముందు చెయ్యెత్తి నమస్తే పెట్టేవాడంట, వాడు మొహం తిప్పుకొని పోయేవాడంట. ఇంటికొచ్చి నాయన, "ఈ పొద్దు మీ తిప్పన్న కనపడినాడు, బాగుండాడు" అనేవాడు, అంతే అనేవాడు. డీజేలు వచ్చి బ్యాండు మూతపడె, ఎర్ర కోట్లు పెట్టెలోనే చివికిపోయె, షఫీవుల్లా కాలేజీ ముందర జెరాక్సు అంగడి పెట్టుకున్నాడు. నాయన పోతే, వాళ్ల సొంతూరు పామిడిలో మన్ను ఏసే పొద్దు తిప్పేస్వామి రాలేదు. మొన్న ఉన్నట్లుండి ఫోను చేసినాడు. వాళ్ల చంద్రిక, పంతొమ్మిదేండ్ల పిల్ల, ఫోన్లో ఏదో పాట పెట్టుకొని పని చేసుకుంటాంటే వాని కాలు మగ్గం మీద ఆగిపోయిందంట. "అదే షఫీ! మన మాటల క్యాసెట్టే! దాని పుట్టుకకు ముందరి పాట, నీకెట్ల తెలిసిందే అంటే, నాయనా ఇది అందరూ వినేదే, ఎప్పటికీ వింటారు అనె. రోజంతా ఆ ఒక్క పాటే విన్నానప్పా. వినీ వినీ కోపం యాడికి పోయిందో తెలీలేదు. మీ నాయన కాడికి పోదాం పా. ఆ పెద్ద మనిషిని మనసులోంచి దింపేస్తా" అన్నాడు. సరే అన్నాడు షఫీవుల్లా. సరే కాకుండా ఏమంటాడు, పిరికి సచ్చినోడు.

కడా పాట. పెన్న ఇసక కనపడె, పామిడి వచ్చేసినట్లే. ఇది వాళ్లిద్దరూ ఎన్నడూ పూర్తిగా వినలేదు, ఆ క్యాసెట్టులో టేపు అయిపోయి మధ్యలోనే టక్కుమని తెగిపోతాండె. ఇప్పుడు తెగలేదు. మాట్లాడేవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు గమ్మునైపోయినారు, డ్రమ్ము ఆగె, లావు తంతి ఆగె. ట్రంపెట్టు ఒక్కటే మిగిలె. దానికి ఇంగ పక్కకు జరిగి చోటిడ్సాల్సిన మనిషి లేడు, అయినా ఉండేదంతా ఊదలేదు, నాలుగు స్వరాలు పెట్టి, ఆగి, మల్లా నాలుగు పెట్టి నిలిపేసె. తిప్పేస్వామి కండ్లు తెరిచి, "ఇది నాకు సరిగా వినపడలేదు, నీ పక్క బాగా వినపడెనా?" అన్నాడు. వినపడె అన్నాడు షఫీవుల్లా.  కండక్టరమ్మ పామిడి, పామిడి అని అరిచె.

తిప్పేస్వామి స్టాండు ముందర గులాబీ రేకులు, ఊదుకడ్డీలు కొనుక్కున్నాడు. "తలకు గుడ్డ కట్టుకోవాల్నా?" అనడిగి చేతిగుడ్డ తల మీద కప్పుకున్నాడు. గోరీలకాడ చెప్పులు గేటు బయటే ఇడ్సినాడు, మట్టి కాలుతాంటే ఎగిరెగిరి నడిచినాడు. మాబాషా గోరీ ఇంకా మట్టి దిబ్బే, కట్టించలేదు. రేకులు చల్లి, గొంతు సవరించుకొని, "మామా" అన్నాడు. ఇరవై ఎనిమిదేండ్లకు ఆ పిలుపు. "మామా, నువ్వు చేసిందాన్ని నేను..."

"ఆయన ఏమీ చెయ్యలేదు తిప్పా."

తిప్పేస్వామి తిరిగి చూసినాడు.

"నాయన నన్ను పొమ్మన్నాడు. రెండు తూర్లు పొమ్మన్నాడు. జాకబ్ ని పిలిపించి పెట్టినాడు నా బదులు. నేనే రాలేదు. నిన్ను మెచ్చుకున్నాడని ఓర్చుకోలేకపోయినా. నీకు చెప్పింది అబద్ధం."

 తిప్పేస్వామి తల మీంచి చేతిగుడ్డ జారితే సర్దుకోలేదు. "ఆ పొద్దు ఆయన ఆడనే ఉండె కదా" అన్నాడు. "నువ్వు చెప్పింది వినపడలేదా?"

"వినపడె."

"నేను పోయినాక నిన్ను ఏమన్నాడు?"

"అన్నం తిను అన్నాడు."

తిప్పేస్వామి గోరీ పక్కన మట్టిలో కూలబడినాడు. తలకాయ రెండు చేతుల్లో పట్టుకొని, "ఎన్ని తూర్లు చెయ్యెత్తినాడురా ఆ మనిషి, ఎన్ని తూర్లు మొహం తిప్పుకుంటినిరా నేను" అన్నాడు. షఫీవుల్లా ఒక అడుగు దగ్గరికేసినాడు. వాడు తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టినాడు. "నువ్వు బయటికి పో. నాకు ఈయనతో పనుండాది. నువ్వుంటే నోరు రాదు."

"తిప్పా, ఆయన మా నాయన..."

"పో షఫీ."

పోయినాడు. గేటు బయట తిప్పేస్వామి చెప్పుల పక్కన నిలబడినాడు. ఏడాది నుంచి ప్రతి శుక్రవారం ఈ గోరీ ముందర చేతులెత్తి ఫాతెహా చదివి పోతాండాడు, ఒక్క తూరి కూడా ఆ మాట ఎత్తలేదు. అంతకు ముందు ఇరవై ఏడేండ్లు ఒకే బొంతమీద ఎదురెదురుగా కూచోని తిన్నప్పుడూ ఎత్తలేదు. లోపల తిప్పేస్వామి మట్టి మీద చెయ్యి ఆనించి ఏదో చెప్తాండాడు, ఏడుస్తాండాడు, మల్లా చెప్తాండాడు. ఒక్క మాట కూడా గేటు దాంకా రాలేదు. నాయన్ని మాఫీ అడగాల్సినోడు తను గదా, ఆ తావు ఇప్పుడు ఖాళీగా లేదు. పిలిస్తే పోదామని షఫీవుల్లా ఎండలోనే నిలబడినాడు. ఎవరూ పిలవలేదు.